రోడ్డు రోలరు కింద పడని గొట్టం

మన నగరాల్లో పోలీసులు అప్పుడప్పుడూ ఒక క్రతువు జరుపుతుంటారు. మోటారు సైకిళ్ల నుంచి ఊడబీకిన సైలెన్సర్లను నడిరోడ్డు మీద వరుసగా పేరుస్తారు. చానళ్ల వాళ్లకు ముందే కబురు వెళుతుంది. ఉన్నతాధికారి వచ్చి నాలుగు మాటలు మాట్లాడి జెండా ఊపుతారు. రోడ్డు రోలరు వాటి మీదుగా నింపాదిగా సాగిపోతుంది. విశాఖపట్నంలో జరిగింది, హైదరాబాదులో జరిగింది, బెంగళూరులో జరిగింది. మరునాడు పత్రికల్లో చదునైపోయిన రేకుల బొమ్మ వస్తుంది. అర్ధరాత్రి ఆసుపత్రి గోడ పక్కన టపాకాయల మోతతో బుల్లెట్టు నడిపే కుర్రవాడి మీద నాకేమీ జాలి లేదు. ఆ రేకులు నలగవలసినవే. అయితే ఆ వరుసలో ఒక్కసారైనా డీజిలు పికప్ వాహనం పొగగొట్టాన్ని ఎవరైనా చూశారా?

చూసి ఉండరు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మోత వినిపిస్తుంది, విషం వినిపించదు. మోత మీద ఫిర్యాదు చేసే కాలనీ సంఘం ఉంటుంది, ఫోను చేసే కార్పొరేటరు ఉంటాడు. ఊపిరితిత్తుల్లోకి దిగే సూక్ష్మ కణం మీద ఎవరు ఎవరికి ఫోను చేస్తారు? మన పాలనా వ్యవస్థ కంటికి, చెవికి తగిలిన దాన్నే నేరమని గుర్తుపడుతుంది. తగలనిది ఎంత ప్రాణాంతకమైనా ఫైలులోకి ఎక్కదు.

ముందు ఆ గొట్టంలో ఏముందో చూద్దాం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమలులోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల తర్వాత డీజిలు వాహనపు పొగగొట్టం ఉత్త గొట్టంగా మిగలలేదు, అదొక చిన్న రసాయన కర్మాగారమైంది. ఇంజను నుంచి వెలువడే వాయువు మొదట ఒక ఆక్సీకరణ పెట్టెలోకి వెళుతుంది. కార్బన్ మోనాక్సైడు, సగం కాలిన ఇంధనపు ఆవిర్లు అక్కడ మాడిపోతాయి. తర్వాతది డీపీఎఫ్, అంటే మసి వడపోత. తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె అది. దాని సన్నని కాలువలను ఒకటి విడిచి ఒకటి మూసివేస్తారు. వాయువు గోడలను చీల్చుకుని పక్క కాలువలోకి పోతుంది, మసి గోడకు అంటుకుని ఆగిపోతుంది. నూటికి తొంభైకి పైగా కణాలు అక్కడే చిక్కుతాయి. కొన్ని వాహనాల్లో దీని తర్వాత యూరియా ద్రావణాన్ని చిమ్మే మరో విభాగం ఉండి, నైట్రోజన్ ఆక్సైడులను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. డీజిలు కార్లకు బీఎస్-4లో కిలోమీటరుకు 25 మిల్లీగ్రాములుగా ఉన్న మసి పరిమితి బీఎస్-6లో 4.5కు దిగిందంటే, నైట్రోజన్ ఆక్సైడుల పరిమితి 250 నుంచి 80కి తగ్గిందంటే, ఆ ఘనతలో సింహభాగం ఈ పెట్టెలదే. దీనికోసం చమురు శుద్ధి కర్మాగారాలు డీజిలులో గంధకాన్ని 50 పాళ్ల నుంచి 10 పాళ్లకు తగ్గించాయి. ఆ ఖర్చంతా బంకులోనూ షోరూములోనూ మనమే చెల్లించాం.

ఇప్పుడు ఏ పెద్ద ఊళ్లోనైనా మోటారు విడిభాగాల వీధికి వెళ్లి డీజిలు పికప్‌కు కొత్త ఎగ్జాస్ట్ బిగించాలని అడిగి చూడండి. రెండు రకాల సరుకు చూపిస్తారు. మొదటిది శుద్ధి పెట్టెలన్నీ దాటిన తర్వాత ఉండే వెనుక గొట్టాన్ని, సైలెన్సర్‌ను మాత్రమే మార్చేది. దానితో మోత గంభీరమవుతుంది, కాస్త బరువు తగ్గుతుంది, యజమాని ఛాతీ నాలుగంగుళాలు పెరుగుతుంది. పొగలోని విషం పెద్దగా మారదు. రెండవది టర్బో దగ్గర నుంచే మొదలయ్యే నేరుగొట్టం. దాన్ని బిగించాలంటే దారిలో ఉన్న వడపోతను పీకెయ్యాలి. పీకితే ఇంజను కంప్యూటరు ఊరుకోదు. వడపోతకు ముందూ వెనకా పీడనం కొలిచే సెన్సరు ఉంటుంది, తేడా కనిపించకపోతే హెచ్చరిక దీపం వెలుగుతుంది, ఇంజను బలం పడిపోతుంది. కనుక కంప్యూటరులోని రాతను కూడా మార్చాలి. దానికి లాప్‌టాప్ పట్టుకున్న మరో నిపుణుడు పక్క షెడ్డులోనే ఉంటాడు. ఇంకొంత తెలివైన వాళ్లు పాత పెట్టెనే కోసి, లోపలి పింగాణీని రాడ్డుతో పొడిచి రాల్చి, ఖాళీ డబ్బాను తిరిగి వెల్డింగు చేసి అతికిస్తారు. కిందికి వంగి చూసిన బ్రేకు ఇన్‌స్పెక్టరుకు కంపెనీ పెట్టె కంపెనీ పెట్టెలాగే కనిపిస్తుంది. ఈ పనులు చాటుమాటుగా జరగడం లేదు. పనికి ముందూ తర్వాతా మోత ఎలా మారిందో వీడియో తీసి ధరతో సహా ప్రచారం చేసుకుంటున్నారు.

ఈ రెండు రకాల సరుకుకు రెండు రకాల గిరాకీ ఉంది. ఒకే గాటన కట్టేస్తే అన్యాయమవుతుంది.

ఒకరు విలాసం కోసం పికప్ కొన్నవారు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ కావచ్చు, టయోటా హైలక్స్ కావచ్చు. లక్షలు పోసి కొన్న బండిలో బరువు మోసే తొట్టి ఉంటుంది, అందులో మోసేది మాత్రం వారాంతపు గుడారం. ఆయనకు కావలసింది అడవిలో ఉరుములాంటి ఒక ధ్వని. బలం కోసమంటాడు గానీ, ఆయన బండి ఆ బలాన్ని ఖర్చుపెట్టే సందర్భం టోల్‌గేటు దాటిన మొదటి అర కిలోమీటరు మాత్రమే. ఈయన గురించి ఎక్కువ చెప్పడం దండగ.

రెండోవాడు బాడుగ బండివాడు. మదనపల్లె మార్కెట్టు నుంచి టమాటా పెట్టెలు, విజయవాడ నుంచి సిమెంటు బస్తాలు, కూకట్‌పల్లి నుంచి ఇంటి సామాను మోసేవాడు. ఫైనాన్సు మీద బొలెరో పికప్ కొన్నాడు. మసి వడపోత నిండినప్పుడు దాన్ని లోపలే కాల్చి బూడిద చెయ్యాలి, దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద నిలకడగా ఇరవై నిమిషాలు పోతే ఆ పని దానంతటదే అయిపోతుంది. ఈయన బండి హైవే ఎక్కదు. రెండు కిలోమీటర్లు పోతుంది, ఆగుతుంది, దించుతుంది, మళ్లీ మూడు కిలోమీటర్లు పోతుంది. ట్రాఫిక్కులో గంటసేపు ఇంజను ఊరికే తిరుగుతుంది. బరువు మాత్రం అనుమతించిన దానికి రెట్టింపు, ఎందుకంటే కిరాయి మాట్లాడుకున్న వ్యాపారి రెండో ట్రిప్పుకు డబ్బివ్వడు. వడపోత పూడుకుపోతుంది. దీపం వెలుగుతుంది. బండి ఎడ్లబండిలా ఈడుస్తుంది. కంపెనీ సర్వీసు కేంద్రం అంచనా కాగితం చేతిలో పెడుతుంది, ఆ అంకె అతని నెల వాయిదాను మించి ఉంటుంది. పైగా బండి రెండు రోజులు షెడ్డులో నిలబడాలి, అంటే రెండు రోజుల కిరాయి గల్లంతు. వీధి చివరి మెకానిక్కు అదే బాధను ఒక్క పూటలో, అందులో చిన్న భాగం ఖర్చుతో, శాశ్వతంగా తీరుస్తానంటాడు. ఆ పరిస్థితిలో ఎవరైనా ఏం చేస్తారు?

అతను చేసిందాన్ని సమర్థించడం నా ఉద్దేశం కాదు. డీజిలు పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2012లోనే మనుషుల్లో క్యాన్సరు కలిగించేదిగా, మొదటి తరగతిలో చేర్చింది. ఆ పొగను అందరికంటే ఎక్కువ పీల్చేది ఆ బండి తోలేవాడు, దాని వెనుక తొట్టిలో బస్తాల మీద కూర్చునే హమాలీ. కాని, పీల్చేవాడినే నేరస్థుడిని చేసి, అమ్మినవాడిని, తయారుచేసినవాడిని, తనిఖీ చెయ్యనివాడిని వదిలిపెట్టే న్యాయం ఏ న్యాయం?

అతిశయోక్తి అనుకునేవారు చట్టాన్ని ఒకసారి తిరగెయ్యండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను మరింత గట్టిగా చెప్పింది. అదే ఏడాది పార్లమెంటు చేసిన సవరణ 182ఏ సెక్షనును తెచ్చింది. అనుమతి లేని విడిభాగం బిగించి బండిని మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇక్కడ భాషలో తడబాటు ఏమీ లేదు. అమ్మినవాడి సంగతి వచ్చేసరికి మాత్రం చట్టం అకస్మాత్తుగా మర్యాదస్తురాలవుతుంది. కేంద్ర ప్రభుత్వం 'భద్రతకు కీలకం' అని ప్రకటించిన విడిభాగమై ఉండి, అది ప్రమాణాలకు తగినట్టు లేకపోతేనే అమ్మకందారుకు ఏడాది జైలో లక్ష రూపాయల జరిమానానో పడుతుంది. బ్రేకును భద్రత అనవచ్చు, టైరును అనవచ్చు. విషవాయువును వడగట్టే పెట్టెను పీకి దాని స్థానంలో పెట్టే నేరుగొట్టం ఏ భద్రత కిందికి వస్తుంది? కొన్నవాడికి ఏ షరతూ లేని శిక్ష, అమ్మినవాడికి షరతులతో కూడిన శిక్ష. ఈ సవరణ మీద ఉభయ సభల్లో గంటల తరబడి చర్చ జరిగింది. జరిమానాలు పెంచారని గోల చేసిన పార్టీలేవీ ఈ తేడా జోలికి పోలేదు. తర్వాత అవే పార్టీలు తాము ఏలే రాష్ట్రాల్లో జరిమానాలు తగ్గించి చప్పట్లు కొట్టించుకున్నాయి.

పీయూసీ పత్రం ఉంది కదా అంటారు. డీజిలు బండికి ఆ పరీక్ష ఏం చేస్తుంది? ఇంజనును నిలబెట్టి ఒక్కసారిగా రెచ్చగొట్టి, వచ్చిన పొగ కాంతిని ఎంత అడ్డుకుంటుందో చూస్తుంది. అంటే పొగ ఎంత నల్లగా ఉందో కొలుస్తుంది. నేటి ఇంజన్లు ఇంధనాన్ని అత్యధిక పీడనంతో, అతి సన్నని తుంపరగా చిమ్ముతాయి, కాబట్టి వడపోత పీకేసినా పొగ నల్లగా ఉండకపోవచ్చు. కణాలు కంటికి కనిపించనంత చిన్నవైపోతాయి, అంతే. ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరేవి సరిగ్గా అవే. నైట్రోజన్ ఆక్సైడులనైతే ఈ పరీక్ష కొలవనే కొలవదు. యూరోపు వాళ్లకూ ఇదే అనుభవమైంది. నల్లదనం పరీక్ష పీకేసిన వడపోతలను పట్టుకోలేకపోతోందని గ్రహించి కణాల సంఖ్యను లెక్కించే పరికరానికి మారారు. బెల్జియం 2022 జులైలో, నెదర్లాండ్స్ 2023 జనవరిలో, జర్మనీ 2023 జులైలో ఆ పని మొదలుపెట్టాయి. జర్మనీలో ఒక ఘన సెంటీమీటరుకు రెండున్నర లక్షల కణాలు దాటితే బండి తప్పినట్టే. పొగగొట్టం చివర ఒక సన్నని గొట్టం పెట్టి, ఇంజనును ఊరికే తిరగనిచ్చి, నిమిషాల్లో తేల్చే పరీక్ష అది. చంద్రుడి మీద దక్షిణ ధ్రువం దగ్గర దిగగలిగిన దేశానికి ఈ పరికరం అసాధ్యమంటే నేను నమ్మను.

ఇక ఉన్న పరీక్షయినా సక్రమంగా జరుగుతోందా? 2025 ఏప్రిల్ 1న ఢిల్లీ శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక చదవండి. పరిమితి మించి కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు వదులుతున్న లక్షకు పైగా వాహనాలకు యథేచ్ఛగా ధ్రువపత్రాలు ఇచ్చారు. ఒకే కేంద్రంలో ఒకే సమయాన రెండు బండ్లను పరీక్షించినట్టు నమోదులున్నాయి. ఇది దేశ రాజధాని ముచ్చట. సుప్రీంకోర్టు కిటికీలోంచి చూస్తే కనిపించేంత దూరం. మిగతా దేశం సంగతి ఊహించుకోవచ్చు. రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ పరీక్షను మనిషి చేతి నుంచి తప్పించి యంత్రాలకు అప్పగిస్తామన్న గడువు కూడా మొదట 2023 ఏప్రిల్ అన్నారు, తర్వాత 2024 అక్టోబరుకు జరిపారు.

అసలు మెలిక ఢిల్లీ విధానంలో ఉంది. 2025 నవంబరు 1 నుంచి రాజధానిలో నమోదు కాని సరుకు వాహనాల్లో బీఎస్-6, సీఎన్‌జీ, ఎల్‌ఎన్‌జీ, విద్యుత్ బండ్లకే ప్రవేశమని గాలి నాణ్యత కమిషను నిర్ణయించింది. బీఎస్-4కు 2026 అక్టోబరు ఆఖరు దాకా గడువిచ్చారు. గాలి మరీ చెడి మూడో దశ ఆంక్షలు వచ్చినప్పుడు బీఎస్-4 డీజిలు కార్లను ఆపుతారు, బీఎస్-6 సాగిపోతుంది. అంటే బీఎస్-6 అన్న అక్షరాలే ప్రవేశ పత్రం. ఆ అక్షరాలు రిజిస్ట్రేషన్ కార్డు మీద ఉంటాయి, గొట్టంలో ఉన్నాయో లేదో చూసే నాథుడు లేడు. ఫలితమేమిటి? కంపెనీ స్థితిలో కాపాడుకుంటున్న బీఎస్-4 బండి సరిహద్దులో ఆగిపోతుంది. నిరుడు కొని, వడపోత పొడిచేసిన బీఎస్-6 పికప్ దర్జాగా లోపలికి పోతుంది. కాగితం మీద వయసు చూసి నిర్ణయించే పద్ధతి ఎంత నిలబడుతుందో 2025 జులైలో చూశాం. కాలం చెల్లిన బండ్లకు బంకుల్లో చమురు పొయ్యవద్దన్న ఆదేశం మొదటి వారంలోనే మధ్యతరగతి ఆగ్రహానికి తోక ముడిచింది. దాన్ని వెనక్కి తీసుకోవాలని పోరాడిన నాయకులు వయసు బదులు పొగను కొలవమన్నారు. సబబైన మాటే. అయితే ఆ పొగను దేనితో కొలుస్తారో చెప్పమంటే మాత్రం ఎవరూ నోరు మెదపలేదు.

ఫోక్స్‌వాగన్ ఉదంతం గుర్తుందా? 2015లో ఆ కంపెనీ పరీక్షలో ఒకలా, రోడ్డు మీద మరోలా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టిందని తేలినప్పుడు ప్రపంచం అట్టుడికింది. మన దేశంలో 3.23 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. 2019 మార్చిలో హరిత ట్రైబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా వేసింది, ఆ కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. సరే, విదేశీ కంపెనీ చేసిన మోసం కుంభకోణమయింది. అదే మోసాన్ని మన వీధి చివరి లాప్‌టాప్ నిపుణుడు చేస్తే దాన్ని 'రీమ్యాప్' అంటున్నాం, బండికి చేయించుకున్న సింగారం అంటున్నాం.

ఇది చిల్లర వ్యవహారమని కొట్టిపారేసేవారు అమెరికా లెక్క చూడాలి. అక్కడి పర్యావరణ సంస్థ 2020 నవంబరులో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం ఒక దశాబ్దంలో ఐదున్నర లక్షలకు పైగా డీజిలు పికప్‌లలో శుద్ధి పరికరాలను తొలగించారు. ఆ బండ్లు తమ జీవితకాలంలో అదనంగా వదిలే నైట్రోజన్ ఆక్సైడులు 5.7 లక్షల టన్నులు. రోడ్డు మీదికి కొత్తగా 90 లక్షల పికప్‌లు వచ్చినట్టు లెక్క. అక్కడ చట్టం అమ్మేవాడిని, బిగించేవాడిని కూడా పట్టుకుంటుంది. పైగా క్యాటలిటిక్ కన్వర్టరు వంటి ప్రధాన భాగాలకు తేలికపాటి వాహనాల్లో ఎనిమిదేళ్లు లేదా 80 వేల మైళ్ల హామీని కంపెనీల మీద చట్టమే మోపింది. అంత ఉన్నా రాజకీయం తిరగబడితే ఏమవుతుందో కూడా అక్కడే కనిపిస్తోంది. ఈ నేరం మీద జైలుకెళ్లొచ్చిన వయోమింగు మెకానిక్కు ఒకరికి 2025 నవంబరులో అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. నల్లపొగను స్వేచ్ఛకు జెండాగా ఎగరేసే సంస్కృతి మనకు ఇంకా పూర్తిగా దిగుమతి కాలేదు. ఎన్నికల ర్యాలీల్లో సైలెన్సర్లు పీకేసిన మోటారు సైకిళ్ల బారును చూస్తే ఎంతో దూరంలో లేదనిపిస్తుంది. అన్నట్టు, ఆ ర్యాలీల దగ్గరికి రోడ్డు రోలరు ఎప్పుడూ రాలేదు.

పంజాబు గడ్డి మంటలుండగా, థర్మల్ కేంద్రాలుండగా, పేదవాడి పికప్ మీద పడతారేమిటని ఒక వాదం వస్తుంది. లాహోరు నుంచి ఢిల్లీ మీదుగా ఢాకా దాకా పరుచుకునే పొగమంచుకు కారణాలు అనేకం, నిజమే. గడ్డి మంట ఏడాదికి కొన్ని వారాలు. పికప్ రోజూ తిరుగుతుంది, బడి గేటు ముందు తిరుగుతుంది, మనిషి ముక్కు ఎత్తున వదులుతుంది. పైగా ప్రభుత్వం డబ్బు ఎటు పోతోంది? 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నిధుల్లో 64 శాతం రోడ్ల దుమ్ము మీద ఖర్చయిందని, వాహన కాలుష్యానికి దక్కింది 13 శాతం లోపేనని సీఎస్ఈ 2024లో లెక్కగట్టింది. దుమ్ము మీద నీళ్లు చల్లితే కాంట్రాక్టరు బిల్లు అవుతుంది. కణాలు లెక్కించే యంత్రం కొంటే పట్టుబడేది ఓటరు బండి.

చెయ్యవలసింది అంతు తెలియనిదేమీ కాదు. కణాల సంఖ్య పరీక్షను మొదట నగరాల్లో తిరిగే డీజిలు సరుకు బండ్లకు తప్పనిసరి చెయ్యాలి. బీఎస్-6 పేరుతో ప్రవేశం ఇచ్చే చోట ఆ పరీక్ష పత్రమూ అడగాలి. శుద్ధి పరికరాలను తొలగించేందుకే పనికొచ్చే గొట్టాన్ని, సాఫ్ట్‌వేర్‌ను అమ్మడమే నేరమని 182ఏలో స్పష్టంగా రాయాలి. వాటితో పాటు, కాదు వాటికంటే ముందు, మసి వడపోతకు కంపెనీ చేత దీర్ఘకాలపు హామీ ఇప్పించాలి. సందుల్లో తిరగడానికే అమ్మిన బండిలో సందుల్లో తిరిగితే పూడిపోయే పరికరం పెట్టి, ఆ ఖర్చు బాడుగవాడి నెత్తిన వెయ్యడం తయారీదారు లోపం. ఆ లోపానికి బిల్లు డ్రైవరుకు పంపుతున్నాం. హామీ లేకుండా శిక్ష మాత్రమే పెంచితే రోడ్డు పక్క వసూళ్ల రేటు పెరుగుతుంది, ఇంకేమీ జరగదు.

మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోని అంశం. అందుకే ఢిల్లీలో మంత్రిత్వ శాఖను అడిగితే అమలు రాష్ట్రాలదంటుంది, రాష్ట్ర రవాణా శాఖను అడిగితే ప్రమాణాలు కేంద్రానివంటుంది. కనీసం ఒక లెక్క బయటికి రావాలి. తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది వెళ్లారు. వచ్చే సమావేశాల్లో వాళ్లలో ఒక్కరు లిఖితపూర్వకంగా ఒకే ప్రశ్న వెయ్యాలి. 2019 సవరణ తర్వాత 182ఏ కింద యజమానుల మీద ఎన్ని కేసులు పెట్టారు, అమ్మినవారి మీద ఎన్ని పెట్టారు? రాష్ట్రాలవారీగా రెండు అంకెలూ పక్కపక్కనే అచ్చువేసి సభ ముందు పెట్టమని అడగాలి.